మైలేజీ ఇచ్చే కొత్త కారు: అప్పు నెత్తికెక్కకుండా ఏడాదిన్నరలో కొనాలంటే ఎలా?

ఉప్పల్_శ్రీను · 5 అక్టోబర్ 2025

నమస్తే అందరికీ. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మేం ఉప్పల్‌లో అద్దెకుంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. నాకు చేతికొచ్చేది 52 వేలు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 24 వేలు. అద్దె 14 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 6 వేలు. అప్పులు లేవు. క్రెడిట్ కార్డు తీసుకోలేదు, తీసుకోను కూడా. ఏ వస్తువు కొన్నా అది పూర్తిగా అరిగేదాకా వాడే ఇల్లు మాది. ఇప్పటికీ పాత బైకే నడుపుతున్నాను.

ఆఫీసు రాయదుర్గంలో. మెట్రోలోనే వెళ్తాను, కారు వచ్చినా అది మారదు. కారు కావలసింది ఊరి కోసం. జనగామ దాటాక మా ఊరు. నాన్నకు మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు. ఆయన్ని డాక్టరుకు చూపించడానికి తీసుకురావాలన్నా, మేం నెలకు రెండుసార్లు వెళ్లి రావాలన్నా ఇబ్బందిగా ఉంది. ఊరి ప్రయాణాలు, సిటీలో ఆదివారం తిరుగుళ్లు అన్నీ కలిపి నెలకు 700 కిలోమీటర్లు అవుతుందని నా అంచనా.

సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ తగ్గడంతో ఆశ పుట్టింది. ఇప్పటిదాకా కూడబెట్టింది లక్షా అరవై వేలు. మైలేజీ నాకు ముఖ్యం. గ్యాస్‌తో నడిచే వ్యాగన్ఆర్ సీఎన్‌జీ కిలోకి 34 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ చెబుతోంది. అదే తీసుకోవాలని మనసులో ఉంది. నెలకు ఎంత పక్కన పెట్టాలి, లోన్ ఎన్నేళ్లకు తీసుకోవాలి, సీఎన్‌జీ సరైనదేనా, కాస్త చెప్పండి.

తెనాలి_కుర్రోడు · 5 అక్టోబర్ 2025

శ్రీను గారూ, ఈ బడ్జెట్‌కి కొత్త కారు ఎందుకండీ? మూడేళ్ల పాత బండి చూడండి. కొత్తది షోరూమ్ గేటు దాటగానే విలువ పడిపోతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కగట్టే విలువే మొదటి ఆరు నెలల్లో 5 శాతం, ఏడాదికి 15, మూడో ఏడు నిండేసరికి 30 శాతం తగ్గుతుంది. ఆ 30 శాతం వేరేవాళ్లు భరించాక మనం కొనుక్కుంటే సరి.

ఉప్పల్_శ్రీను · 5 అక్టోబర్ 2025

మీరన్నది నిజమే అండీ. కానీ నేను పదిహేనేళ్లు ఉంచుకుంటాను. మూడేళ్ల బండి కొంటే నాకు మిగిలేది పన్నెండేళ్లు. పైగా బండి గురించి నాకు ఏమీ తెలియదు. ఎవరు ఎలా వాడారో, మీటరు వెనక్కి తిప్పారో లేదో పోల్చుకోలేను.

లెక్కల_మాస్టారు · 5 అక్టోబర్ 2025

శ్రీను గారి మాటలో పస ఉంది. మూడేళ్లకోసారి మార్చేవాడికి కొత్త కారు దండగ. పదిహేనేళ్లు ఉంచుకునేవాడికి మొదటి మూడేళ్ల తరుగుదల మొత్తం కాలం మీద పరుచుకుపోతుంది. పాత కార్ల లోన్లకు వడ్డీ కూడా కొత్త కార్ల కంటే బాగా ఎక్కువ. నమ్మకమైన మెకానిక్ ఇంట్లోనో బంధువుల్లోనో ఉంటే పాతదే లాభం, లేకపోతే కొత్తదాని వైపు మొగ్గడంలో తప్పులేదు.

ఇక అసలు ప్రశ్న. సీఎన్‌జీ. మీరు మైలేజీ అంకె చూసి బండి ఎంచుకుంటున్నారు. ముందు మీ కిలోమీటర్లు చూడండి.

కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబులో రోలర్ల మీద తేల్చింది. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కితే పెట్రోల్ వ్యాగన్ఆర్ లీటరుకు 19 ఇస్తుందనుకుందాం. సీఎన్‌జీది కిలోకు 26 అనుకుందాం. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల 50 పైసల దగ్గర ఉంది. గ్యాస్ కిలో 97 వేసుకుందాం. అంటే పెట్రోలుకు కిలోమీటరుకు 5 రూపాయల 66 పైసలు, గ్యాస్‌కు 3 రూపాయల 73 పైసలు. తేడా దాదాపు 1 రూపాయి 93 పైసలు.

మీరు ఏడాదికి తిరిగేది 8,400 కిలోమీటర్లు. మిగిలేది సుమారు 16,200 రూపాయలు.

ఇప్పుడు ఆ మిగులు కోసం ముందే ఎంత కడుతున్నారో చూడండి. ఒకే వేరియంట్‌లో పెట్రోలుకూ సీఎన్‌జీకీ మధ్య ఎక్స్ షోరూమ్ (ట్యాక్సు, ఇన్సూరెన్స్ కలపని ధర) తేడా 90 వేల దాకా ఉంది. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టేది) 14 శాతం కాబట్టి ఆ 90 వేల మీద ఇంకో 12,600. మొత్తం 1,02,600. ఏడాదికి 16,200 చొప్పున అది రాబట్టడానికి ఆరేళ్లు దాటుతుంది. ఆ లక్ష కూడా లోన్‌లో కలిపితే దాని వడ్డీ అదనం.

నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇదే లెక్క మూడేళ్లలో తేలిపోతుంది. వాళ్లకి సీఎన్‌జీ బంగారం. మీకు కాదు.

సీఎన్‌జీ_సవారీ · 6 అక్టోబర్ 2025

మాస్టారి లెక్కతో ఏకీభవిస్తున్నాను, సీఎన్‌జీ నడిపేవాడిగానే. నాది విజయవాడ, మందుల కంపెనీ పని మీద రోజూ గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం తిరుగుతాను. ఇక్కడ పెట్రోలు 109 దాటింది. నాకు గ్యాస్ లేకపోతే జీతంలో సగం బంకుకే.

కానీ శ్రీను గారి పరిస్థితి వేరు. ఒకటి, డిక్కీ. వ్యాగన్ఆర్‌లో సిలిండర్ డిక్కీని దాదాపు తినేస్తుంది. ఊరినుంచి వచ్చేటప్పుడు అమ్మ బియ్యం బస్తా, పప్పులు, పచ్చడి జాడీలు ఇవ్వకుండా ఉంటుందా? అవన్నీ వెనక సీట్లో పిల్లల కాళ్ల కింద పెట్టాలి. నాన్నగారు మోకాళ్ల నొప్పితో వెనక కూర్చోవాల్సి వస్తే కాళ్లు చాపుకునే చోటు ఉండదు. టాటా వాళ్లు టియాగో, పంచ్, ఆల్ట్రోజ్‌లలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చారు, అవి ఒకసారి చూడొచ్చు.

రెండు, క్యూ. సాయంత్రం పూట బంకు దగ్గర ఆటోల వెనక నిలబడాలి. ప్రెషర్ తక్కువ ఉన్నప్పుడు సిలిండర్ నిండదు, మళ్లీ తొందరగానే రావాలి. మూడు, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి. నాకు ఇవన్నీ గిట్టుబాటే. నెలకు రెండుసార్లు తీసే బండికి ఈ తంటా అక్కర్లేదు.

కరెంటు_బండి · 6 అక్టోబర్ 2025

నాది కరీంనగర్, సొంతిల్లు, టియాగో ఈవీ. ఎవరూ ఎలక్ట్రిక్ మాటెత్తలేదు కాబట్టి నేనెత్తుతున్నాను. తెలంగాణలో ఈవీలకు 2026 డిసెంబర్ 31 దాకా లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జీఎస్‌టీ 5 శాతమే. చిన్న బ్యాటరీ మోడల్ ఎక్స్ షోరూమ్ 7.99 లక్షలు. ఇంటి కరెంటు పై స్లాబులో యూనిట్ 9 రూపాయలు పడ్డా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రూపాయి 30 పైసలు. పెట్రోలు కంటే ఏడాదికి 36 వేలకు పైగా మిగులుతుంది మీకు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ.

లెక్కల_మాస్టారు · 6 అక్టోబర్ 2025

ఈ లెక్క కూడా వేశాను. ఆన్ రోడ్ (అన్ని ఖర్చులూ కలిపి) దాదాపు 8.4 లక్షలు అనుకుంటే, పెట్రోలు వ్యాగన్ఆర్ కంటే లక్షా డెబ్బై అయిదు వేలు ఎక్కువ. ఏడాదికి 36 వేలు మిగిలితే అయిదేళ్లలోపు తేలుతుంది. అంటే తక్కువ తిరిగేవాళ్లకు కూడా సీఎన్‌జీ కంటే ఈవీయే ముందు ఒడ్డెక్కుతుంది. ఇది చాలామంది గమనించరు.

కానీ శ్రీను గారూ, మీ అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దగ్గర మీ మీటరు నుంచి 15 యాంపియర్ల సాకెట్ పెట్టుకునే వీలుందా?

ఉప్పల్_శ్రీను · 6 అక్టోబర్ 2025

లేదండీ. పార్కింగ్ కింద సెల్లార్‌లో, మా మీటరు నుంచి వైరు లాగడానికి ఓనరు ఒప్పుకోరు, అడిగాను. ఇల్లు మారితే మళ్లీ అదే గొడవ. చిన్న బ్యాటరీతో ఊరికి వెళ్లి రావడం ఒక్క చార్జింగ్‌లో అవుతుందా?

కరెంటు_బండి · 6 అక్టోబర్ 2025

ఉప్పల్ నుంచి జనగామ దాటి వెళ్లి రావాలంటే నూట అరవై పైమాటే. చిన్న బ్యాటరీకి అది సరిగ్గా అంచు మీద ఉంటుంది, ఏసీతో నలుగురు ఎక్కితే చేరదు. ఊళ్లో రాత్రి ఉండిపోతే ఇంటి 15 యాంపియర్ల సాకెట్‌లో తెల్లారేసరికి నిండుతుంది. కానీ ఇక్కడ ఇంటి దగ్గర సాకెట్ లేకపోతే నేనూ వద్దనే అంటాను. బయట ఫాస్ట్ చార్జర్ మీద ఆధారపడితే యూనిట్ ధర రెట్టింపు, పొదుపు పోతుంది.

ఓరుగల్లు_బిడ్డ · 7 అక్టోబర్ 2025

శ్రీనన్నా, మైలేజీ లెక్కలు మంచిగనే ఉన్నయి గని, సేఫ్టీ ముచ్చట ఎవ్వరు తీస్తలేరు. నాయినను, పిల్లలను ఎక్కిచ్చుకొని వరంగల్ హైవే మీద పోయెటోనివి. కార్లను గుద్దిచ్చి అయిదు స్టార్లకు మార్కులేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టుల వ్యాగన్ఆర్‌కు 2023ల ఒక్క స్టారే వచ్చింది. ఆ తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లల్ల పెట్టిండ్రు, అది వేరే సంగతి. టియాగోకు 2020ల నాలుగు స్టార్లు వచ్చినయి. కొత్త డిజైర్‌కు 2024ల అయిదు స్టార్లు. డిజైర్ నీ బడ్జెట్‌ల పట్టది గని టియాగో పడ్తది. మైలేజీ లీటరుకు ఒకటి రెండు తక్కువ వస్తదేమో, నువ్వు తిరిగే కిలోమీటర్లకు అది ఏడాదికి నాలుగైదు వేలే. ఆ పైసల కోసం చూడకు.

ఇంకోటి, చీటీ గురించి అడుగుతవేమోనని ముందే చెప్తున్న. మా దగ్గర కారు కొనెటోళ్లు మస్తు మంది చీటీ పాడి డౌన్ పేమెంట్ కడ్తరు. రిజిస్టర్ కాని గల్లీ చీటీ మాత్రం వద్దు.

ఉప్పల్_శ్రీను · 7 అక్టోబర్ 2025

సేఫ్టీ గురించి చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. టియాగో కూడా లిస్టులో పెట్టాను. చీటీ సంగతి నిజంగానే అడుగుదామనుకున్నాను. మా ఆవిడ స్కూల్లో టీచర్లందరూ కలిసి ఒకటి నడుపుతున్నారు, అందులో చేరదామంటోంది.

లెక్కల_మాస్టారు · 7 అక్టోబర్ 2025

చీటీ అప్పు కావలసినవాడికీ పనికొస్తుంది, దాచుకునేవాడికీ పనికొస్తుంది. కానీ ఒకే మనిషికి రెండూ కాదు. మొదట్లోనే పాడుకుంటే పాటలో పోయినంతా మీరు కట్టే వడ్డీ. పోటీ ఎక్కువున్న నెలల్లో పాడితే ఆ వడ్డీ బ్యాంకు లోన్ కంటే ఎక్కువవుతుంది. చివరిదాకా ఆగితే లాభం ఉంటుంది, అప్పుడది నెలనెలా బ్యాంకులో వేసే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) లాంటిదే, కాకపోతే మధ్యలో ఒకరిద్దరు కట్టడం మానేస్తే ఆ భారం మీ మీద పడుతుంది. టీచర్లు నడిపేది రిజిస్టరు కానిదే అయి ఉంటుంది. మంచివాళ్లే కావచ్చు, అయినా మీ డబ్బుకు చట్టం అండ ఉండదు. మీ అవసరం ఏడాదిన్నర దాకా లేదు కాబట్టి బ్యాంకు ఆర్‌డీ చాలు.

ఇక నెలకు ఎంత అన్న ప్రశ్న. నేను చెప్పేది ఒక్కటే: కారు లేకపోయినా ఈ నెల నుంచే కారు ఉన్నట్టు కట్టండి. ఈఎంఐ, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు అన్నీ కలిపి ఎంతవుతుందో అంత, జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి వెళ్లిపోవాలి. ఏడాదిన్నర పాటు ఇల్లు ఇబ్బంది లేకుండా నడిస్తే మీరు కారు భరించగలరు. మధ్యలో రెండుసార్లు ఆపాల్సి వస్తే భరించలేరని మీకే తెలుస్తుంది, ఎవరూ నష్టపోకుండా.

మీ ఇద్దరి జీతం 76 వేలు. నెలకు 15 వేలు తీయగలరా?

వాణి_నిజాంపేట్ · 7 అక్టోబర్ 2025

మాస్టారు గారూ, తీయగలరా అని అడిగేముందు జూన్ నెల గురించి అడగండి.

శ్రీను గారూ, మేం కూడా ఇలాగే కూడబెట్టాం. ఇల్లు నడిపేదాన్నిగా చెబుతున్నాను. అక్టోబర్‌లో కూర్చుని లెక్కేస్తే 15 వేలు తేలిగ్గా మిగిలినట్టే కనిపిస్తుంది. జూన్ రాగానే ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు, ఆటో వాడికి అడ్వాన్సు, అన్నీ ఒకే నెలలో వచ్చిపడతాయి. ఆర్‌డీ అక్కడే విరుగుతుంది. దసరాకి బట్టలు, ఆడపడుచుకి పెట్టుపోతలు. మాఘమాసంలోనో వైశాఖంలోనో పెళ్లిళ్లు, చదివింపులు. మీ ఎల్‌ఐసీ ప్రీమియం ఏ నెలలో వస్తుందో చూడండి, బైకు ఇన్సూరెన్స్ ఎప్పుడో చూడండి.

ముందు ఒక కాగితం మీద ఏడాదికోసారి, రెండుసార్లు వచ్చే ఖర్చులన్నీ నెల పేర్లతో రాయండి. కలిపి పన్నెండుతో భాగించండి. మాకు అది నెలకు 11 వేలు తేలింది, ఎప్పుడూ అంతుంటుందని అనుకోలేదు. ఆ డబ్బు వేరే ఖాతాలో వేస్తూ పోయాం. అది తీశాక మిగిలినదే అసలు మిగులు. కారు డబ్బు అందులోంచే తీయాలి.

కూరగాయల్లో, పాలలో కోత పెట్టకండి. అక్కడ తగ్గించేది నెలకు అయిదు వందలు, ఇంట్లో గొడవ మాత్రం రోజూ ఉంటుంది. మాకు నిజంగా తగ్గింది బయటి నుంచి తెప్పించుకునే భోజనాల దగ్గర, ఎవరూ చూడని ఓటీటీల దగ్గర, ఫోన్లు తొందరగా మార్చకపోవడం దగ్గర.

ఇంకొక మాట. ఆ లక్షా అరవై వేలు మీ దగ్గరున్న మొత్తమా? నాన్నగారికి రేపు ఆపరేషన్ అంటే దేన్లోంచి తీస్తారు?

ఉప్పల్_శ్రీను · 8 అక్టోబర్ 2025

వాణి గారూ, మీ పోస్టు ఆవిడకు చదివి వినిపించాను. రాత్రి ఇద్దరం కూర్చుని రాశాం. ఏడాది ఖర్చులు నెలకు 13 వేలు తేలాయి, పిల్లల ఫీజులే అందులో ఎక్కువ. లక్షా అరవై కాకుండా నాన్న పేరు మీద ఎఫ్‌డీ రెండు లక్షలు ఉంది. దాన్ని కారు కోసం ముట్టుకోం.

అద్దె, ఊరికి పంపేది, ఇంటి సరుకులు, ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది), ఈ 13 వేలు పోగా 15 నుంచి 16 వేలు మిగలాలి. ఇంతకుముందు ఆ డబ్బు ఎటు పోయేదో మాకే తెలియదు.

లెక్కల_మాస్టారు · 8 అక్టోబర్ 2025

అయితే సరిపోతుంది. నెలకు 15 వేలు, పద్దెనిమిది నెలలు, ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే చేతికి సుమారు 2,84,000. మీ దగ్గరున్న లక్షా అరవైతో కలిపి 4,44,000.

బండి ఖరీదు. వ్యాగన్ఆర్ మధ్య వేరియంట్ పెట్రోలు ఎక్స్ షోరూమ్ సుమారు 5.52 లక్షలు. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 77 వేలు. ఇన్సూరెన్స్ 30 వేలు పైచిలుకు. నంబర్ ప్లేటు, ఫీజులు, ఫాస్టాగ్ కలిపి ఆన్ రోడ్ 6.65 లక్షల దగ్గర ఆగుతుంది. అన్నట్టు, 5 లక్షల లోపు ఉంటే ట్యాక్స్ 13 శాతమే, కింది వేరియంట్ ఆ గీత లోపలే ఉంది.

మీకు కావలసిన లోన్ రెండుంపావు లక్షలు. 9 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 7,155. పెట్రోలుకు నెలకు 4 వేలు. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్ల కోసం నెలకు 2 వేలు పక్కన పెట్టండి. మొత్తం 13 వేల చిల్లర. మీరు పద్దెనిమిది నెలలుగా అలవాటు పడిన 15 వేల లోపే. కారు వచ్చిన నెలలో ఇంట్లో ఏమీ మారదు.

ఇప్పుడే 5 లక్షల లోన్ పెట్టి కొనేస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఏడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 8,045, చూడటానికి చిన్నగానే ఉంటుంది. మొత్తం కట్టే వడ్డీ 1,75,700. ఆగి కొంటే పడే వడ్డీ 33 వేల లోపు. ఈ తేడా లక్షా నలభై వేలు పైన. మీ తొమ్మిదేళ్ల సీఎన్‌జీ మిగులు, అంటే మైలేజీలో ఏళ్ల తరబడి కూడబెట్టేది, లోన్ కాగితం మీద ఒక్క సంతకంతో వస్తుంది లేదా పోతుంది. అందుకే నేను మైలేజీ కంటే ముందు అప్పు గురించి మాట్లాడతాను.

మాజీ_సేల్స్ · 8 అక్టోబర్ 2025

కొన్నేళ్లు కార్ల షోరూమ్‌లో పనిచేసి బయటికొచ్చాను. కొనేరోజు జాగ్రత్తలు కొన్ని చెబుతాను.

వడ్డీ ఎంత అని అడిగినప్పుడు "అయిదున్నర శాతమే సార్" అంటే అది ఫ్లాట్ రేటు, బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ. 5 లక్షలు, 5 ఏళ్లు, ఫ్లాట్ 5.5 అంటే వడ్డీ 1,37,500, ఈఎంఐ 10,625. బ్యాంకు భాషలో ఇది తగ్గే బాకీ మీద సరిగ్గా 10 శాతం. శాతం అడగకండి, "నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తం ఎంత" అని అడిగి రాయించుకోండి. మీ జీతం పడే బ్యాంకులో ముందే లోన్ మంజూరు చేయించుకుని షోరూమ్‌కి వెళ్తే మాటలు వేరేగా ఉంటాయి. ముందుగా తీర్చేస్తే పెనాల్టీ ఉందా అన్నది కూడా కాగితం మీద చూడండి.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని ధర ఎక్కడైనా ఒకటే: 1000 సీసీ లోపు ఇంజన్‌కి 6,521, ఆ పైన 1500 దాకా 10,640, జీఎస్‌టీ అదనం. 998 సీసీ వ్యాగన్ఆర్ కింది గీతలో ఉంటుంది, 1.2 లీటర్ల ఇంజన్ పై గీతలోకి పోతుంది. మారేది సొంత డ్యామేజీ భాగం, యాడ్ ఆన్లు. బయట రెండు కొటేషన్లు తీసుకుని చూపించండి, షోరూమ్ వాళ్లే తగ్గిస్తారు. మొదటి అయిదేళ్లు జీరో డిప్రిసియేషన్ (మార్చిన పార్టులకు తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే యాడ్ ఆన్) తీసుకోండి, అక్కడ మిగుల్చుకోకండి. క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది, చిన్న గీతలకు క్లెయిమ్ చేసి దాన్ని పోగొట్టుకోవద్దు.

హ్యాండ్లింగ్ చార్జీలు అని కొటేషన్‌లో ఉంటే తీసేయమనండి. యాక్సెసరీల కిట్ కూడా మీ ఇష్టం, వాళ్ల షరతు కాదు. మ్యాట్లు, సీటు కవర్లు బయట సగానికి దొరుకుతాయి.

ఎప్పుడు కొనాలి అంటే, ఆషాఢంలో మనవాళ్లు కొనరు కాబట్టి అప్పుడు బేరం బాగా కుదురుతుంది. ఆషాఢంలో బుక్ చేసి ధర ఖాయం చేసుకుని శ్రావణంలో డెలివరీ తీసుకోవచ్చు. డిసెంబర్‌లోనూ తగ్గిస్తారు, కాకపోతే నెల తిరగ్గానే బండి నిరుటి మోడల్ అవుతుంది. తొందరగా అమ్మేవాళ్లకు అది నష్టం. పదిహేనేళ్లు ఉంచుకునే మీకు అది పట్టింపే కాదు. బండి మీద సంతకం పెట్టేముందు మాత్రం తయారైన నెల అడగండి, స్టాక్‌యార్డులో ఎండకూ వానకూ నెలల తరబడి నిలబడింది ఇస్తారేమో చూసుకోండి.

తెనాలి_కుర్రోడు · 9 అక్టోబర్ 2025

పాత బండి మాట వదిలేశాను, కానీ ఒకటి అడుగుతాను. తెలంగాణలో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీ ఆవిడకు టికెట్టే లేదు. నెలకు రెండుసార్లు సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకున్నా అయిదారు వేలతో పోతుంది. ఏడాదిన్నర దాకా అదే చేస్తే 700 కిలోమీటర్లు నిజంగా తిరుగుతారో లేదో కూడా తెలిసిపోతుంది కదా?

ఉప్పల్_శ్రీను · 9 అక్టోబర్ 2025

ఇది చాలా నచ్చింది. ప్రతిసారీ అద్దె కారు కాదు, నాన్నను తీసుకురావాల్సినప్పుడే. అలా ఆర్‌డీకి దెబ్బ తగలదు. కిలోమీటర్లు రాసిపెడతాను. డ్రైవింగ్ కూడా చేతికి అలవాటవుతుంది.

సీఎన్‌జీ_సవారీ · 9 అక్టోబర్ 2025

అద్దె కారుతోనే మైలేజీ చూడటం నేర్చుకోండి. డ్యాష్‌బోర్డు మీద కనిపించేది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. బంకులో గన్ తనంతట తాను టక్కున ఆగేదాకా పోయించండి, ఆ పైన రౌండ్ ఫిగర్ కోసం పోయనివ్వకండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ అదే బంకులో అలాగే ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనుల్లో ఫస్ట్ గేరు సెకండ్ గేరులో ఎంత పోతుందో, ఘట్‌కేసర్ దాటాక 80లో నిలకడగా వెళ్తే ఎంత వస్తుందో మీకే అర్థమవుతుంది. టైర్లలో గాలి తక్కువుంటే ఏ కంపెనీ మైలేజీ అయినా రాదు.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కొత్త బండ్లు దానికి తగ్గట్టు చేసినవే కాబట్టి ఇంజన్‌కి భయం లేదు, కానీ పాత రివ్యూల్లోని మైలేజీ అంకెలు ఇప్పుడు పట్టుకోకండి.

ఉప్పల్_శ్రీను · 18 జనవరి 2026

అందరూ సమయం పెట్టి రాసినందుకు ఏమైందో చెప్పాలి కదా. అక్టోబర్ నెలాఖరు నుంచి ఆర్‌డీ నడుస్తోంది. సంక్రాంతి ఖర్చులన్నీ ఆ వేరే ఖాతాలోంచే వెళ్లాయి, ఆర్‌డీని ముట్టుకోలేదు. వాణి గారికి మా ఆవిడ ప్రత్యేకంగా చెప్పమంది.

కిలోమీటర్లు రాస్తున్నాను. పండగ నెలలో కూడా అయిదు వందలు దాటలేదు. సిటీలో తిరగాల్సినప్పుడు మెట్రోనే సుఖంగా ఉంది. కాబట్టి సీఎన్‌జీ ఆలోచన పూర్తిగా వదిలేశాం. పెట్రోలు వ్యాగన్ఆర్, పెట్రోలు టియాగో మధ్య చూస్తున్నాం. నాన్న రెండింటిలోనూ ఎక్కి దిగారు. వ్యాగన్ఆర్ సీటు ఎత్తుగా ఉండటంతో మోకాలు వంచకుండానే కూర్చోగలిగారు, టియాగోలోంచి లేవడానికి చేయి ఇవ్వాల్సి వచ్చింది. స్టార్ల సంగతి మనసులో ఉంది, అందుకే ఇంకా తేల్చుకోలేదు.

రెండు సందేహాలు. మా ఆవిడ కూడా నడపాలనుకుంటోంది, గేర్లు మార్చక్కర్లేని ఏజీఎస్ కావాలంటోంది. సుమారు 45 వేలు ఎక్కువ. మైలేజీ తగ్గుతుందా? ఇంకొకటి, ఫాస్టాగ్ వార్షిక పాస్ మాకు అవసరమా?

లెక్కల_మాస్టారు · 18 జనవరి 2026

కాగితం మీద ఏజీఎస్‌ది కొంచెం ఎక్కువే, 25.19, మాన్యువల్‌ది 24.35. రోడ్డు మీద రెండూ ఒకటే అనుకోండి. 45 వేలు మైలేజీలో తిరిగి రావు. కానీ ఇంట్లో రెండో మనిషి ధైర్యంగా నడపగలిగితే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మామగారిని ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్లగలరు. ఆ 45 వేలు నా దృష్టిలో దండగ కాదు. మూడు నెలల ఆర్‌డీ ఎక్కువ కట్టి కొనండి, లోన్ పెంచకండి.

పాస్ ఏడాదికి 3,000, 200 ప్రయాణాలు, ఏది ముందైతే అది. మీ దారిలో గూడూరు టోల్ ఒక్కటే. నెలకు రెండుసార్లు వెళ్లి వస్తే ఏడాదికి 48 సార్లు దాటుతారు, అంటే ఒక్కోసారి 62 రూపాయల 50 పైసలు పడినట్టు. మీరు కడుతున్న టోల్ అంతకంటే ఎక్కువైతే తీసుకోండి. ఒకే రోజు తిరిగొచ్చే ప్రయాణాలు ఎక్కువైతే రిటర్న్ రాయితీ కూడా లెక్కలోకి తీసుకోండి. ఆ పాస్ జాతీయ రహదారులకే, ఔటర్ రింగ్ రోడ్డుకు చెల్లదు.

ఓరుగల్లు_బిడ్డ · 19 జనవరి 2026

నాయిన మోకాళ్ల కోసం కొంటున్న బండి గదా అన్నా, ఆయన సులువుగ ఎక్కి దిగేదే తీస్కో. స్టార్లు తక్కువున్నయని నేనే చెప్పిన గని, వెనక సీటుల గూడ అందరు బెల్టు పెట్టుకుంటే, స్పీడు తక్కువల పోతే ప్రమాదం కొంత తగ్గుతది. పిల్లలకు మాత్రం బెల్టు అలవాటు ఇప్పట్నుంచే చెయ్యి, అద్దె కారుల గూడ.

మాజీ_సేల్స్ · 19 జనవరి 2026

ఏజీఎస్ టెస్ట్ డ్రైవ్ మీ ఆవిడతోనే చేయించండి, షోరూమ్ చుట్టూ ఒక రౌండు కాదు. ఉప్పల్ రింగ్ రోడ్డు రద్దీలో, ఏసీ వేసి, నలుగురూ కూర్చుని. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి జారుతుందేమో, గేరు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు నాన్నగారికి ఇబ్బందిగా ఉంటుందేమో అప్పుడే తెలుస్తుంది. ఇంటికి బండి పంపమని అడిగితే పంపుతారు, డబ్బు తీసుకోరు.

ఉప్పల్_శ్రీను · 19 జనవరి 2026

వచ్చే ఆదివారం నాన్న ఇక్కడే ఉంటారు. బండి ఇంటికి తెప్పిస్తాను.